గేటు బయటి లెక్క

ఎత్తైన ఇంటికి మొదటి షరతు లిఫ్టు. 1854లో న్యూయార్కులో జరిగిన ఒక ప్రదర్శనలో ఎలిషా ఓటిస్ అనే మెకానిక్కు, జనం చూస్తుండగా ఒక వేదికనెక్కి పైకి వెళ్లి, తనను మోస్తున్న తాడును తెగ్గొట్టించాడు. వేదిక కాస్త జారి ఆగిపోయింది. తాడు తెగినా పెట్టె కిందపడదని జనానికి నమ్మకం కుదిరాక, 1857లో అదే ఊళ్లో ఒక పెద్ద దుకాణంలో మనుషులను మోసే లిఫ్టు మొదలైంది. అంతవరకు పై అంతస్తు అంటే చవక అద్దె. రోజూ అన్ని మెట్లు ఎక్కి దిగడం ఎవరికి ఇష్టం? ఇవాళ హైదరాబాదు పడమటి కొసన కోకాపేటలో ఫ్లాటు కొనబోతే, పైకి పోయేకొద్దీ చదరపు అడుగుకు ఇంతని ‘ఫ్లోర్ రైజ్’ చార్జీ అదనంగా కట్టాలి. ఓటిస్ బ్రేకు నగరాల ధరల పట్టికను తలకిందులు చేసింది.

లిఫ్టులను ఎలా లెక్కగడతారో తెలిస్తే ఈ అధ్యాయంలో మిగతా సంగతులు సులువుగా అర్థమవుతాయి. లిఫ్టు ఇంజనీరు ముందుగా చూసేది రద్దీ ఎక్కువగా ఉండే అయిదు నిమిషాలను. ఆ అయిదు నిమిషాల్లో భవనంలోని జనాభాలో ఎంత శాతాన్ని మోయాలి? ఆఫీసులకైతే మామూలుగా 12 నుంచి 15 శాతం. ఇళ్లకు 5 నుంచి 7 శాతం చాలు, ఎందుకంటే ఇళ్లలోంచి అందరూ ఒకేసారి బయల్దేరరు. 40 అంతస్తుల టవరు, అంతస్తుకు 6 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు అనుకుందాం. మొత్తం 960 మంది. వాళ్లలో 6 శాతమంటే అయిదు నిమిషాల్లో 58 మంది. ఎన్ని లిఫ్టులు పెట్టాలి, అవి ఎంత వేగంతో తిరగాలి, ఒక్కోదానిలో ఎందరు పట్టాలి, తలుపులు తెరుచుకుని మూసుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుంది, ఇవన్నీ ఆ అంకెను బట్టి తేలతాయి. మనిషి బటన్ నొక్కి మరీ ఎక్కువసేపు నిలబడవలసి వస్తే డిజైను మార్చాలి. లేదా మరో లిఫ్టు కలపాలి.

టవరులో ఎవరి లిఫ్టు వారికి ఉండదు. ఉంటే ఇళ్లు కట్టడానికి చోటే మిగలదు. నిలువుగా తిరిగే ఈ బండి అందరిదీ. టిక్కెట్టు లేని ప్రజారవాణా అది. దానివల్లే 30వ అంతస్తులో ఉన్న మనిషి నిమిషమో రెండు నిమిషాలో పట్టి నేల మీదికి వస్తాడు. అక్కడి నుంచి పార్కింగుకు, పార్కింగు నుంచి మెయిన్ గేటుకు. శ్రద్ధగా వేసిన లెక్క అక్కడితో ఆగిపోతుంది. గేటు దాటాక ఈ 960 మంది ఎటు పోతారు, ఏ చౌరస్తాలో ఎంతసేపు ఆగుతారు అన్నది ఆ భవనం లెక్కల పుస్తకంలో ఉండదు. ఊరి లెక్కల పుస్తకంలో ఉండాలి. అక్కడా లేకపోవడమే మన విషాదం.

కోకాపేటనే ఉదాహరణగా తీసుకోవడానికి కారణం ఉంది. దేశంలో ఇంత తక్కువ కాలంలో ఇంత ఎత్తుకు ఎదిగిన నివాస ప్రాంతాలు చాలా తక్కువ. శంషాబాద్ నుంచి అవుటర్ రింగు రోడ్డు మీద గచ్చిబౌలి వైపు వస్తుంటే, నార్సింగి దగ్గర ఎడమచేతి వైపు కనిపించే టవర్ల గుంపు అదే. 50 అంతస్తులు దాటినవి కూడా అందులో ఉన్నాయి. కుడివైపు పుప్పాలగూడ, ఇంకాస్త ముందుకు పోతే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్, నానక్‌రామ్‌గూడ. 158 కిలోమీటర్ల రింగు రోడ్డులో ఈ పడమటి ముక్క 2008లో తెరుచుకోవడంతో ఇక్కడి భూమి రాత మారింది. కోకాపేటలోనే నియోపొలిస్ అనే పేరుతో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వేసిన లేఅవుటులో, 2023 ఆగస్టు వేలంలో ఒక ఎకరం 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఆ వేలంలో అమ్మిన 45.33 ఎకరాలకు మొత్తం సుమారు 3,319 కోట్లు వచ్చాయి.

ఈ ధరను అంతస్తుల్లోకి మార్చి చూడాలి. ఎకరం 100 కోట్లకు కొన్నవాడు అందులో లక్ష చదరపు అడుగులు కడితే, ఒక్కో అడుగు మీద భూమి ఖర్చే 10,000 రూపాయలు పడుతుంది. మూడు లక్షల అడుగులు కడితే 3,333 రూపాయలకు దిగుతుంది. అంటే వేలం పాట ముగిసిన రోజే భవనం ఎత్తు దాదాపు నిర్ణయమైపోయినట్టు. ఆర్కిటెక్టు ఇష్టాయిష్టాలకు అక్కడ పెద్దగా చోటు లేదు.

అంత కట్టనిస్తారా అంటే, హైదరాబాదులో కట్టనిస్తారు. చాలా నగరాల్లో స్థలం విస్తీర్ణానికి ఇన్ని రెట్లకు మించి కట్టరాదనే పరిమితి ఉంటుంది. దాన్నే ఎఫ్‌ఎస్‌ఐ అంటారు. ముంబై ద్వీప భాగంలో అది ఏళ్ల తరబడి 1.33 దగ్గరే ఉండిపోయింది. హైదరాబాదులో 2006 నాటి జీవో 86 ఈ లెక్కను పక్కన పెట్టేసింది. దాని స్థానంలో రెండు కొలతలు వచ్చాయి. ఒకటి, భవనం ముందున్న రోడ్డు వెడల్పు. రెండు, భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ, అంటే సెట్‌బ్యాక్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2012లో తెచ్చిన జీవో 168లోనూ ఇదే పద్ధతి. ఆ పట్టిక ప్రకారం ఎత్తు పెరిగేకొద్దీ ముందున్న రోడ్డు 12 మీటర్ల నుంచి 18కి, 24కి, 30కి పెరగాలి. 30 మీటర్ల దగ్గర పట్టిక ఆగుతుంది. 55 మీటర్లు దాటాక పెరిగేది సెట్‌బ్యాక్ ఒక్కటే, ప్రతి 5 మీటర్ల ఎత్తుకు అరమీటరు చొప్పున. 60 మీటర్ల టవరుకూ 30 మీటర్ల రోడ్డే, 180 మీటర్ల టవరుకూ అదే రోడ్డు.

ఈ నియమం తెలివితక్కువదని అనను. చుట్టూ ఫైరింజన్ తిరగాలి, పక్కింటికి గాలీ వెలుతురూ అందాలి. ఆ పనులకు ఇది బాగానే సరిపోతుంది. ఎఫ్‌ఎస్‌ఐని మరీ బిగించిన నగరాల్లో ఇళ్ల ధరలు ఎలా ఎగిశాయో చూశాక, హైదరాబాదు దారిని మెచ్చుకున్న ఆర్థికవేత్తలూ ఉన్నారు. అయితే రోడ్డు వెడల్పును గేటు ముందు కొలిచి ఊరుకోవడంలో ఒక ఊహ దాగి ఉంది. గేటు ముందు రోడ్డు వెడల్పుగా ఉంటే ప్రయాణం సాఫీగా సాగుతుందన్న ఊహ అది. రోడ్డు శాస్త్రం చెప్పేది వేరు. రోడ్డు మోసే బరువును తేల్చేది దాని వెడల్పు కాదు, దాని చివర ఉన్న చౌరస్తా.

ఒక వరుస నిండా కార్లు ఆగి ఉన్నాయనుకోండి. పచ్చదీపం వెలిగితే అవి దాదాపు రెండు సెకన్లకొకటి చొప్పున గీత దాటతాయి. గంటంతా పచ్చదీపమే ఉంటే 1,800 కార్లు దాటుతాయి. నాలుగు దిక్కులా రోడ్లున్న చౌరస్తాలో మన వంతు మూడో భాగం వచ్చిందంటే అదృష్టమే. అప్పుడు గంటకు 600. ఆరు వరుసల రోడ్డులో మన దిక్కుకు మూడు వరుసలు కాబట్టి 1,800. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా, వాహనాలన్నిటినీ కార్లలోకి మార్చి లెక్కిస్తే, మధ్యలో డివైడరున్న ఆరు వరుసల ప్రధాన రహదారికి రెండు దిక్కులా కలిపి గంటకు 5,400 అని ఉంటుంది. పక్కన గేట్లు, అడ్డరోడ్లు ఎక్కువగా ఉన్న రోడ్డుకైతే 4,300.

ఇప్పుడు అదే రోడ్డు మీదికి తెరుచుకునే అయిదు గేటెడ్ కమ్యూనిటీలను ఊహించుకుందాం. ఒక్కోదానిలో 2,000 ఫ్లాట్లు. పొద్దున్న రద్దీ గంటలో అయిదిళ్లకు రెండు కార్లు బయటికొస్తాయని తక్కువగానే వేసుకుందాం. ఒక్కో గేటు నుంచి 800, మొత్తం 4,000. చౌరస్తా దాటనిచ్చేది 1,800. గంట గడిచేసరికి 2,200 కార్లు వెనకే ఉంటాయి. కారుకు సగటున 1.3 మంది చొప్పున ఆ 4,000 కార్లలో ఉన్నది 5,200 మంది. అంతమందికి 55 సీట్ల బస్సులు 95 చాలు. ఒక్కో బస్సు రోడ్డు మీద మూడు కార్ల చోటు తీసుకున్నా మొత్తం 285 కార్ల బరువు. చౌరస్తాకు అది సునాయాసం. మెట్రో అయితే హైదరాబాదులో నడిచే మూడు పెట్టెల రైలు నిండా ఎక్కితే సుమారు 1,000 మంది పడతారు. ఆరు రైళ్లలో పని అయిపోతుంది. జనం అంతే, గంట అదే, రోడ్డూ అదే. మారింది బండి.

కాబట్టి ‘ఇన్ని టవర్లు కడితే ట్రాఫిక్ జామ్ కాక ఏమవుతుంది’ అన్న మాటలో సగమే నిజముంది. టవరు జనాన్ని ఒకచోట చేరుస్తుంది. ఆ జనం ఎన్ని బండ్లుగా మారి రోడ్డెక్కుతారన్నది టవరు ఎత్తు తేల్చదు.

దీనికి కొలిచిన ఆధారాలున్నాయి. అమెరికాలో రీడ్ యూయింగ్, రాబర్ట్ సెర్వెరో అనే పరిశోధకులు, ఊరి రూపానికీ ప్రయాణాలకూ ఉన్న సంబంధం మీద అంతవరకు వచ్చిన అధ్యయనాలను గుదిగుచ్చి 2010లో ఒక పత్రం ప్రచురించారు. జనసాంద్రత 10 శాతం పెరిగితే మనిషి కారులో తిరిగే దూరం తగ్గేది 0.4 శాతమేనని తేలింది. చౌరస్తాలు, వీధులు ఒకదానితో ఒకటి కలిసే తీరు 10 శాతం మెరుగైతే 1.2 శాతం తగ్గుతుంది. ఉద్యోగాలు, అంగళ్లు అందుబాటులో ఉండడం 10 శాతం పెరిగితే 2 శాతం తగ్గుతుంది. అవి అమెరికా అంకెలు, మనకు అచ్చంగా వర్తించవు. అయినా వాటి వరస గమనించండి. ఈ మూడింటిలో బలహీనమైన అంశం సాంద్రతే. దాని చుట్టూ ఏముందన్నదే ఎక్కువ బరువు తూగింది.

కోకాపేట చుట్టూ ఏముంది? ఉద్యోగాలున్నాయి, అదీ దగ్గర్లోనే. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ కొద్ది కిలోమీటర్ల దూరం. నగర ప్రణాళిక పుస్తకాలు కలగనే పరిస్థితి ఇది. కానీ ఆ కొద్ది దూరాన్నీ నడిచి గాని, సైకిలు మీద గాని దాటడం కష్టం. మధ్యలో రింగు రోడ్డు గోడలా అడ్డం నిలుస్తుంది. దాన్ని ఇంటర్‌చేంజిల దగ్గరో, అండర్‌పాసుల దగ్గరో తప్ప దాటలేం. అందరూ ఆ కొద్ది ద్వారాల దగ్గరికే చేరాలి. దానికి తోడు ఒక్కో గేటెడ్ కమ్యూనిటీ ఒక కోట. 20 ఎకరాల స్థలం చతురస్రంగా ఉంటే ఒక్కో వైపు 285 మీటర్లు, చుట్టుకొలత కిలోమీటరు పైనే. గోడ మధ్యలో దారి ఉండదు కాబట్టి, వెనక వీధిలో ఉన్న బస్టాపుకు వెళ్లాలంటే కోటంతా చుట్టాలి. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆ నడక ఎవరు నడుస్తారు? పిల్లను ట్యూషన్‌లో దింపడానికి అర కిలోమీటరు దూరం కూడా కారు తీస్తారు. మధ్యతరగతి బద్ధకం అని దాన్ని తేలిగ్గా తీసెయ్యడం అన్యాయం. ఆ గోడ అక్కడ కట్టినప్పుడే ఆ కారు ప్రయాణం పుట్టింది.

ఇంకో చిక్కు కుటుంబంలోనే ఉంది. ఇంట్లో ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే ఇల్లు ఒకరి ఆఫీసుకే దగ్గరవుతుంది. భర్త ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో, భార్య మాదాపూర్‌లోనో బేగంపేటలోనో, పిల్లల బడి మరోవైపు. పని దగ్గర ఇల్లు అనే ఆదర్శం వాళ్లకు సగమే దక్కుతుంది. మిగతా సగం ప్రయాణాన్ని రోడ్డు మోయాల్సిందే.

ట్రాఫిక్ నివేదికల్లో ఫ్లాట్లవాళ్ల కార్లు లెక్కకొస్తాయి. ఆ ఫ్లాట్లను నడిపించేవాళ్ల రాకపోకలు సరిగా రావు. వంటమనిషి, పనిమనిషి, డ్రైవరు, సెక్యూరిటీ గార్డులు, తోటమాలి, ఎలక్ట్రీషియను, రోజంతా సంచులు వేసుకుని తిరిగే డెలివరీ కుర్రాళ్లు. వీళ్లలో చాలామంది వట్టినాగులపల్లి, గండిపేట, పుప్పాలగూడ లాంటి పాత ఊళ్ల ఇరుకు గదుల నుంచి షేర్ ఆటోల్లోనో కాలినడకనో వస్తారు. సర్వీసు రోడ్డు పక్క ఫుట్‌పాత్ లేకపోతే దుమ్ములో నడిచేది వాళ్లే. బస్సు లేకపోతే ముందుగా నష్టపోయేదీ వాళ్లే. ఇక నీళ్లు. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది మన పట్టణాలకు వాడే ప్రమాణం. 2,000 ఫ్లాట్లలో 8,000 మందికి 10 లక్షల 80 వేల లీటర్లు. పైపులైనులో రాని మూడో వంతును ట్యాంకర్లతో తెప్పించుకుంటే, 10,000 లీటర్ల ట్యాంకరు రోజుకు 36 సార్లు ఆ గేటులోకి రావాలి. వచ్చేటప్పుడు బరువుగా వస్తుంది, ఖాళీగా తిరిగిపోతుంది. నీటి పైపు వెయ్యడం కూడా రవాణా పనే అని మన పథకాలు ఎందుకనో గుర్తించవు.

అసలు చిక్కు అనుమతుల దగ్గర ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు దాటిన నిర్మాణానికి పర్యావరణ అనుమతి కావాలి. ఆ దరఖాస్తులో ట్రాఫిక్ గురించీ చెప్పాలి. చెబుతారు కూడా. ఒక్కో ప్రాజెక్టు తన వాటా మాత్రమే లెక్క గట్టి, ‘మా వల్ల ఈ రోడ్డు మీద పెరిగే రద్దీ 5 శాతమే’ అనగలుగుతుంది. ఆ మాట అబద్ధం కానక్కర్లేదు. కానీ ఆ 5 శాతం ఎప్పుడు వచ్చి చేరుతుందన్న దాన్ని బట్టి దాని ఫలితం మారిపోతుంది. క్యూల గణితం ఇక్కడ చాలా స్పష్టంగా మాట్లాడుతుంది.

బండ్లు వాటికి తోచినప్పుడు వస్తున్నాయి, ఒక దారి గుండా ఒక్కొక్కటే దాటుతున్నాయి అనుకుందాం. ఆ దారి సామర్థ్యంలో ఎంత భాగం వాడుకలో ఉందో, ఎంత భాగం ఖాళీగా ఉందో చూసి మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. ఒక్కో బండి సగటున ఎంత ఆగాలో ఆ భాగఫలం చెబుతుంది. సగం నిండిన దారిలో అది 1. ఎనభై శాతం నిండితే 80ని 20తో భాగిస్తే 4. తొంభై శాతానికి 9. తొంభై అయిదు శాతానికి 19. సగం ఖాళీగా ఉన్న రోడ్డుకు 5 శాతం కలిపితే ఎవరికీ తెలియదు. తొంభై దగ్గరున్న రోడ్డుకు అదే 5 శాతం కలిపితే ఎదురుచూపు రెట్టింపవుతుంది. క్యూ సిద్ధాంతంలోకెల్లా సరళమైన నమూనా ఇది. నిజమైన చౌరస్తా ఇంతకంటే చిక్కుగా ఉంటుంది. అయినా ఆ వంపు మాత్రం ప్రతి నగరంలోనూ కనిపిస్తుంది. పోయిన ఏడాది పది నిమిషాల్లో దాటిన చోటు ఈ ఏడాది అరగంట ఎందుకు పడుతోందో, అంతలో పెద్దగా మారిందేమీ లేదే అని మనం విస్తుపోయేది ఇందుకే. మొదట వచ్చిన టవరుకూ చివర వచ్చిన టవరుకూ నివేదికలో ఒకే 5 శాతం రాసి ఉంటుంది. రోడ్డు మాత్రం ఆ రెండింటినీ ఒకేలా భరించలేదు. పైగా టవరు కట్టి తాళాలు ఇవ్వడానికి అయిదారేళ్లు పడుతుంది, ఇళ్లు నిండడానికి ఇంకొన్నేళ్లు. ఇవాళ కనిపిస్తున్న రద్దీ ఎప్పుడో ఇచ్చిన అనుమతులది. ఇవాళ ఇస్తున్న అనుమతుల రద్దీ ఇంకా రోడ్డెక్కలేదు.

ఫ్లైఓవర్లు కట్టలేదా అంటే, ఈ పడమటి భాగంలో కట్టినన్ని బహుశా ఏ భారతీయ నగరమూ ఒకేచోట కట్టి ఉండదు. మైండ్‌స్పేస్ దగ్గర 2018లో, బయోడైవర్సిటీ దగ్గర 2019, 2020లో, దుర్గం చెరువు మీద తీగల వంతెన 2020లో, షేక్‌పేట 2022 మొదట్లో, శిల్పా లేఅవుట్ అదే ఏడాది చివర్లో, కొత్తగూడ 2023 మొదట్లో. ఒక్కొక్కటీ ఒక ముడి విప్పింది, అది నిజం. విప్పిన ముడి దగ్గర ఆగాల్సిన క్యూ తర్వాతి ముడి దగ్గరికి తొందరగా చేరింది, అదీ నిజమే. అమెరికా నగరాల మీద జీల్ డ్యూరాంటన్, మాథ్యూ టర్నర్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, పెద్ద రహదారుల పొడవు ఎంత శాతం పెరిగితే వాటి మీద బండ్లు తిరిగే దూరమూ దాదాపు అంతే శాతం పెరుగుతోందని తేలింది. కొత్త రోడ్డు ఖాళీగా ఉన్నన్నాళ్లూ జనం దూరంగా ఇల్లు కొనడానికి జంకరు, బస్సు ఎక్కేవాడు కారు తీస్తాడు, తెల్లవారకముందే బయల్దేరే అతను తీరిగ్గా ఎనిమిదింటికి బయల్దేరతాడు. ఖాళీ నిండిపోతుంది.

మరి టవర్లే వద్దందామా? ఆ జనం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. టవరు లేకపోతే శంకరపల్లి దాకా, మొయినాబాద్ దాకా విల్లాలు పరుచుకుంటాయి. ఒక్కొక్కరి ప్రయాణం ఇంకా పొడుగవుతుంది, పొలాలు పోతాయి, బస్సు నడపడానికి సరిపడా జనం ఏ ఒక్క చోటా ఉండరు. ఎత్తు ప్రజారవాణాకు శత్రువు కాదు. సరిగా అమరితే అంత మంచి తోడు ఇంకొకటి లేదు.

హాంకాంగ్ ఇందుకు సాక్ష్యం. ప్రపంచంలోనే అతి ఎత్తైన నివాసాల నగరాల్లో అదొకటి. అక్కడి రోజువారీ ప్రయాణాల్లో సుమారు 90 శాతం ప్రజారవాణాలోనే జరుగుతాయి. 1975లో ఏర్పడిన అక్కడి మెట్రో సంస్థ 1979లో మొదటి రైలు నడిపింది. కొత్త లైను వెయ్యాలంటే, స్టేషన్ల మీదా చుట్టుపక్కలా కట్టే హక్కు ప్రభుత్వం ఆ సంస్థకే ఇస్తుంది. భూమి ధర రైలు రాకముందటి లెక్కన తీసుకుంటుంది. రైలు వస్తే ధర పెరుగుతుంది, ఆ పెరిగిన ధరే రైలు ఖర్చులో పెద్ద వాటాను పూడుస్తుంది. అక్కడ టవరుకూ రైలుకూ జన్మసంబంధం ఉంది. ఒకటి లేకుండా రెండోదానికి కాగితమే కదలదు. మనం కోకాపేటలో భూమిని ముందు అమ్మాం. ఎకరానికి 100 కోట్లు పలికిన ధరలో, ఎప్పటికైనా మెట్రో వస్తుందన్న ఆశ విలువ కూడా కలిసే ఉంది. ఆ ఆశకు డబ్బు వసూలైంది, రైలు మాత్రం ఇంకా రాలేదు.

రైలు పక్కనే కట్టేస్తే చాలునా? చాలదని ముంబై చాలా బాధాకరంగా నేర్పింది. అక్కడి పరేల్, లోయర్ పరేల్ ప్రాంతం ఒకప్పుడు బట్టల మిల్లుల పేట. 1982 నాటి సుదీర్ఘ సమ్మె తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఆ భూముల్లో మూడో వంతు ఖాళీ స్థలాలకు, మూడో వంతు చవక ఇళ్లకు పోవాలని 1991లో నియమం వచ్చింది. 2001లో దాన్ని సవరించి, మిల్లులో కట్టడాలు లేని ఖాళీ నేలకే ఆ పంపకం వర్తిస్తుందన్నారు. దాంతో మిల్లుల చోట ఆఫీసు టవర్లు, నివాస టవర్లు లేచాయి. రైల్వే స్టేషన్లు అడుగు దూరంలోనే ఉన్నాయి. ఏ పుస్తకం చూసినా ఇది మంచి అమరికే. అయితే స్టేషనులో పాదచారుల వంతెన మాత్రం మిల్లుల కాలం నాటిదే. 2017 సెప్టెంబరు 29 ఉదయం, వానకు తడవకుండా జనం అక్కడి ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషన్ వంతెన మెట్ల మీదే ఆగిపోయారు. రైళ్లు దిగినవాళ్లు వెనక నుంచి వస్తూనే ఉన్నారు. ఆ తొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. ఆ తర్వాత సైన్యాన్ని పిలిపించి కొత్త వంతెన కట్టించారు. 2018 ఫిబ్రవరిలో అది తెరుచుకుంది. కట్టడానికి పట్టింది నెలలే. కట్టాలని ఎవరికీ లెక్క తేలకపోవడానికి పట్టింది ఏళ్లు.

ఇది తలుచుకున్నప్పుడల్లా లిఫ్టు ఇంజనీరు వేసే అయిదు నిమిషాల లెక్క గుర్తొస్తుంది. అదే లెక్క ఆ వంతెన మెట్లకూ వేసి ఉంటే, మెట్ల వెడల్పు సరిపోదని కాగితం మీదే తెలిసిపోయేది.

హైదరాబాదు మెట్రో 2019 నవంబరులో రాయదుర్గం చేరి ఆగింది. అక్కడి నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్ లైనుకు 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది, ప్రభుత్వం మారాక ఆ మార్గాన్ని పక్కన పెట్టారు. రెండో దశ ప్రతిపాదనల్లో రాయదుర్గం నుంచి ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ మీదుగా కోకాపేట నియోపొలిస్‌కు 11.6 కిలోమీటర్ల మార్గాన్ని చేర్చారు. మొదటి దశకు ఒప్పందం 2010లో కుదిరితే మొదటి రైలు 2017లో కదిలింది. ఆ అనుభవం చూశాక, ఇవాళ నిర్ణయం జరిగినా కోకాపేట స్టేషనులో రైలు ఎక్కడానికి చాలా ఏళ్లు ఆగాలి. టవర్లు అన్నేళ్లు ఆగవు.

ఈలోగా నియమాన్ని మార్చవచ్చు. ‘మీ గేటు ముందు రోడ్డు ఎంత వెడల్పు’ అని అడిగే చోట, ‘మీ గేటు నుంచి మూడు కిలోమీటర్ల లోపున్న ప్రతి చౌరస్తాలో ఎంత సామర్థ్యం మిగిలి ఉంది, ఇప్పటికే అనుమతులు పొందిన భవనాలన్నీ నిండాక ఎంత మిగులుతుంది’ అని అడగాలి. ఆ లెక్క బిల్డరు వెయ్యలేడు, వెయ్యమనడం కూడా తప్పు. పక్క ప్రాజెక్టులో ఎన్ని ఫ్లాట్లున్నాయో, ఎన్నేళ్లలో నిండుతాయో అన్నీ ఒకచోట తెలిసేది అనుమతులిచ్చే సంస్థకే. ప్రతి చౌరస్తాకూ ఒక ఖాతా తెరిచి, అనుమతి ఇచ్చినప్పుడల్లా అందులోంచి కొంత తీసివేస్తూ, ఖాతా అడుగంటాక తర్వాతి అనుమతికి బస్సో రైలో జత చెయ్యాలని షరతు పెట్టవచ్చు. పార్కింగు నియమం కూడా తిరగరాయాల్సిందే. ఇప్పుడు కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతానికి తగ్గకుండా పార్కింగు ఉండాలన్నది కనీస పరిమితి. స్టేషనుకు దగ్గర్లో కట్టేవాటికి అది గరిష్ఠ పరిమితి కావాలి. కట్టిన ప్రతి పార్కింగు గదీ పొద్దున్నే ఒక కారును రోడ్డు మీదికి పంపుతుంది. 20 ఎకరాల కోట మధ్యలోంచి జనం నడిచే దారి ఒకటైనా వదలాలన్న షరతు లేఅవుటు దశలో పెడితే దాదాపు ఖర్చు లేని పని. గోడ కట్టేశాక దాన్ని పగలగొట్టించడం ఎవరి తరమూ కాదు.

గండిపేట, హిమాయత్ సాగర్ జలాశయాల రక్షణకు 1996లో తెచ్చిన జీవో 111 కిందున్న 84 గ్రామాల భూమి కోకాపేటకు ఆనుకునే మొదలవుతుంది. ఆ ఆంక్షలను ఎత్తేస్తూ 2022లో జీవో 69 వెలువడింది. అక్కడ ఎంత కట్టనివ్వాలన్న చర్చలో చెరువుల గురించి మాట్లాడుతున్నారు, అది అవసరం కూడా. కానీ అక్కడ లేచే ఇళ్లలో చాలావి పనికి వెళ్లడానికి తూర్పుకే తిరుగుతాయి. ఇప్పటికే నిండిన నార్సింగి, కోకాపేట, నానక్‌రామ్‌గూడ చౌరస్తాల గుండానే రావాలి. నేల ఇంకా ఖాళీగా ఉండగానే బస్సుల దారి ఎక్కడో, రైలు పట్టా ఎక్కడో గీతలు గీసి స్థలం వదిలిపెట్టగలిగే అవకాశం ఇప్పుడు ఉంది.

నియోపొలిస్ లోపలి రోడ్లు వెడల్పుగానే వేశారు. వాటిలో ఒక వరుసను, రింగు రోడ్డు సర్వీసు రోడ్డులో ఒక వరుసను బస్సులకే కేటాయించి, కోకాపేట నుంచి రాయదుర్గం మెట్రో దాకా అయిదు నిమిషాలకొక బస్సు నడపడానికి కొత్తగా భూమి సేకరించనక్కర్లేదు. ఆ బస్సు ఇళ్లు నిండకముందే తిరగడం మొదలుపెట్టాలి. కొత్త ఇంట్లో దిగిన కుటుంబం రెండో కారు కొనాలా వద్దా అన్నది సామాన్లు సర్దుకున్న మొదటి కొన్ని నెలల్లోనే తేల్చుకుంటుంది. ఆ నెలల్లో గేటు ముందు బస్సు కనిపించకపోతే, తర్వాత ఎంత మంచి బస్సు తెచ్చినా ఆ కారు షోరూముకు తిరిగి వెళ్లదు.